చూపు పోకముందే కనబడే గుర్తులు

మాది కోయంబత్తూరు పక్కన తుడియలూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పోయిన ఏడాది మా అవ్వ నడుస్తా నడుస్తా పక్కనున్న స్టూలు తట్టుకుని పడింది. "నాకు కండ్లు బాగానే కనబడతా ఉండాయి, నువ్వే అడ్డం పెట్టినావు" అని నన్నే తిట్టింది. ఆసుపత్రిలో ఎదురుగా ఉన్న అక్షరాలు కూడా చదివేసింది. కానీ డాక్టరమ్మ కంటి లోపల చూసి, ఇది నీటికాసులు, అంటే గ్లాకోమా, పక్కచూపు చాలా పోయింది అన్నారు. అవ్వకే తెలియనిది డాక్టరమ్మకు ఎట్లా తెలిసింది? ఆ ప్రశ్నతోనే నేను ఈ చరిత్ర చదివాను.

కంటి వెనక నేత్రపటలం ఉంటుంది. దాని నుంచి పది లక్షలకు పైగా సన్నని నాడీ తంతువులు ఒకచోట చేరి, దృక్ నాడిగా మారి మెదడుకు పోతాయి. అవి చేరే చోట నడుమ చిన్న గుంట చాలామందికి ఉంటుంది. గ్లాకోమాలో తంతువులు చచ్చేకొద్దీ ఆ గుంట పెద్దదవుతుంది.

బతికున్న మనిషి కంటి లోపల ఇదంతా చూసే పరికరాన్ని 1851లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ లోకానికి చెప్పాడు. 1854లో బెర్లిన్ డాక్టరు ఫాన్ గ్రేఫే దానితో గ్లాకోమా కండ్లు చూసి, నాడి ఉబ్బింది అని రాశాడు. నిజానికి అది ఉబ్బు కాదు, గుంట. ఒక కంటితోనే చూడటం వల్ల లోతు తెలియలేదు. కొద్దికాలంలోనే ఆయన తన తప్పును తానే దిద్దుకున్నాడు. ఇది నాకు చాలా నచ్చింది.

గుంట కంటే ముందే గుర్తు ఏదైనా ఉంటుందా? 1972లో అమెరికాలో హోయిట్, న్యూమన్ అనే ఇద్దరు డాక్టర్లు నేత్రపటలం మీది తంతువుల పొరలో సన్నని నల్లటి చీలికలు గమనించారు. 1982లో క్విగ్లీ బృందం చనిపోయినవారి దృక్ నాడుల్లో తంతువులు లెక్కపెట్టింది. చూపు పరీక్షలో లోపం కనబడకముందే కొందరిలో 40 శాతం దాకా తంతువులు పోయి ఉన్నాయి! 1991లో ఓసీటీ అనే స్కాన్ వచ్చింది. అది వెలుగుతోనే ఆ పొర మందం కొలుస్తుంది.

ఇవన్నీ దూరదేశాల సంగతులు. మరి మన పక్క? 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి గారు మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. తర్వాత ఆ ఆసుపత్రివాళ్లు మదురై, తిరునెల్వేలి, తూత్తుక్కుడి జిల్లాల పల్లెల్లో 40 ఏళ్లు, ఆపైన ఉన్న 5,150 మందిని పరీక్షించారు. నాయక రాజుల కాలం నుంచి మన తెలుగువాళ్లు ఉంటున్న జిల్లాలే అవి. 2003లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువగా కనబడే రకం గ్లాకోమా ఉన్నవారిలో నూటికి 93 మందికి ఆ జబ్బు ఉందని అంతకుముందు తెలియదు. అందరూ మా అవ్వ లాంటివాళ్లే. గుర్తు పట్టే పరికరం వచ్చి 150 ఏళ్లయినా, దాని ముందు కూర్చోకపోతే ఏం లాభం?

గ్లాకోమా రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం ఎక్కువని డాక్టరమ్మ చెప్పారు. మా నాన్న పంపుసెట్ల వర్క్‌షాపులో పని చేస్తారు. "నాకేంరా, సన్న మర కూడా తెలుస్తా ఉంది" అని రానన్నారు. నేను ఆ 40 శాతం లెక్క చెప్పి తీసుకుపోయాను. నాన్న చూపు పరీక్ష పూర్తిగా బాగుంది. కానీ స్కాన్‌లో ఎడమ కంటి పొర ఒకచోట పలచగా ఉంది. కంటి ఒత్తిడి తగ్గే చుక్కలు ఇచ్చి, ఆరు నెలలకోసారి రమ్మన్నారు.

పోయిన చూపును ఏ మందూ తిరిగి తేలేదు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు, అంతే. ఇప్పుడు రాత్రి అవ్వకు, నాన్నకు చుక్కలు వేసేది నేనే. మిత్రులారా, మీ ఇంట్లో 40 దాటినవారు "నాకు బాగానే కనబడతా ఉంది" అంటే ఆ మాట నమ్మి ఊరుకోవద్దు. ఒకసారి కంటి లోపల చూపించండి.