నల్లరాతి పొరల నడుమ ఆదిమ క్షీరదాలు

* నస్కల్ పేరుతో శాస్త్రలోకానికి కొత్త జాతి
* ఆవగింజంత పళ్లే ఆధారం
* బావి తవ్వకాల్లో మట్టి పొరలపై కన్నేయాలి

బాన్సువాడ: రాక్షసబల్లులు సంచరించిన కాలంలోనే తెలంగాణ నేలపై చుంచెలుకంతటి క్షీరదాలూ జీవించాయి. వాటి ఉనికికి నేడు మిగిలిన సాక్ష్యం ప్రధానంగా పళ్లే. అలాంటి పళ్ల ఆధారంగా వికారాబాద్ జిల్లాలోని నస్కల్ నుంచి రెండు కొత్త జాతులను భారత్, అమెరికా శాస్త్రవేత్తల బృందం 2022లో వెల్లడించింది. ఒకదానికి ఊరి పేరు కలిపి 'ఇండోక్లెమెన్సియా నస్కలెన్సిస్' అని నామకరణం చేశారు. పరిమాణంలో పెద్దదైన రెండో జాతి 'ఇండోక్లెమెన్సియా మాగ్నస్'. పేరులోని మొదటి భాగం భారతదేశాన్ని, అమెరికా శాస్త్రవేత్త విలియం క్లెమెన్స్‌ను గుర్తుచేస్తుంది.

నస్కల్ పొరకు పైనా, కిందా ఉన్న లావా రాళ్ల వయసును కూడా ఈ బృందం లెక్కగట్టింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం, రాక్షసబల్లులు అంతరించడానికి కొద్దికాలం ముందు ఈ జీవులు బతికాయని తేల్చింది.

తొలి ఆనవాలు 1988లో

నస్కల్ పేరు శాస్త్ర గ్రంథాలకెక్కడం ఇది మొదటిసారి కాదు. గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని ఇక్కడి పళ్లను పరిశీలించి 1988లో 'డెక్కనోలెస్టిస్ హిస్లోపి'ని వర్ణించారు. క్రెటేషియస్ యుగానికి చెందిన క్షీరదం భారతదేశంలో దొరకడం అదే ప్రథమం. తరువాత లభించిన ఎముకలను బట్టి ఇది చెట్లెక్కగలిగిన జీవి అని నిపుణులు భావిస్తున్నారు.

2007లో 'భారత్‌థేరియం' వెలుగుచూసింది. అదే ఏడాది మరో బృందం అదే జంతువుకు 'దక్షిణ' అని వేరుగా పేరు పెట్టింది. ముందుగా అచ్చయిన పేరే చెల్లుతుందన్న నియమం మేరకు భారత్‌థేరియం నిలిచింది.

ఈ చిన్న జీవులు పెద్ద చిక్కుముడినే తెచ్చిపెట్టాయి. ఆనాడు భారత భూభాగం సముద్రంలో ఉత్తరదిశగా కదులుతూ ఉండేది. భారత్‌థేరియం బంధువులు మడగాస్కర్, దక్షిణ అమెరికాలలో కనిపించగా, డెక్కనోలెస్టిస్ బంధువులు యూరప్, ఆఫ్రికాలలో కనిపించాయి. నీటి నడుమ ఉన్న నేలకు ఇవి ఏ దారిన చేరాయన్న చర్చ నేటికీ సాగుతోంది.

ఆదిలాబాద్‌లో ఇంకా పాతవి

ఇంతకంటే ప్రాచీనమైన క్షీరదాలు గోదావరి, ప్రాణహిత లోయలోని కోట శిలల్లో బయటపడ్డాయి. ఇవి జురాసిక్ యుగం నాటివి. 1981లో 'కోటాథేరియం హాల్డేని'ని వర్ణించారు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా పైకాసిగూడెంలో దొరికిన మరో జీవికి ఆ గూడెం పేరు, భూగర్భ సర్వేక్షణ శాస్త్రవేత్త యాదగిరి పేరు కలిపి 'పైకాసిగూడోడాన్ యాదగిరీ' అన్నారు.

పన్నే ఎందుకు?

శరీరంలో అన్నింటికంటే గట్టిది పంటి పింగాణీ పొర. ఎముక చివికిపోయినా పన్ను నిలుస్తుంది. దవడపళ్ల మీది మొనల అమరిక జాతికొక తీరుగా ఉంటుంది కనుక ఒక్క పన్నుతోనే జంతువును గుర్తించే వీలుంది. చిన్న క్షీరదాల పళ్లు తరచుగా రెండు మిల్లీమీటర్లు కూడా ఉండవు. అందుకే మట్టిని బస్తాల కొద్దీ సేకరించి, ఎండబెట్టి, నీటిలో నానబెట్టి, సన్నటి జల్లెడలో కడుగుతారు. మిగిలిన నలుసులను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరుతారు.

రైతులు గమనించాల్సినవి

దక్కన్ లావా ఒక్కసారిగా పారలేదు. రెండు ప్రవాహాల మధ్య విరామంలో చెరువులు ఏర్పడి ఒండ్రు పేరుకుంది. తరువాతి లావా దాన్ని కప్పేసింది. నస్కల్ శిలాజాలు అలాంటి పొరలోనివే. మన ప్రాంతంలో జుక్కల్, మద్నూర్ వైపు నల్లరేగడి కింద ఉన్నదీ ఈ లావా రాయే. అయితే నల్లరాయి ఉన్న ప్రతిచోటా శిలాజాలు ఉండవు. వాటికి మధ్యలో మట్టి పొర కావాలి.

ఈ పొరలు బావి తవ్వకాల్లో, రోడ్డు కోతల్లో, వాగు గట్లలో బయటపడుతుంటాయి. నల్లరాయి తవ్వుతుండగా మధ్యలో తెల్లటి లేదా బూడిదరంగు మట్టి, అందులో నత్తగుల్లలు కనిపిస్తే గుంతలు పూడ్చడానికి తరలించకుండా కొంత పక్కన ఉంచడం మేలు. ఏ సర్వే నంబరులో, ఎంత లోతున, ఏ రాళ్ల మధ్య దొరికిందో రాసిపెట్టాలి. ఆ వివరం లేకుంటే శిలాజం వయసు తేల్చడం కష్టం. సమీప డిగ్రీ కళాశాల అధ్యాపకులకు గానీ, హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయానికి గానీ సమాచారం అందించవచ్చు.

ఆవగింజంత పన్ను నస్కల్ పేరును ప్రపంచానికి తెలిపింది. అలాంటిదే మరొకటి గుర్తించేవారు లేక ట్రాక్టరు మట్టిలో కలిసిపోతే తిరిగి దొరకదు.