ఎస్‌ఎంఏ చికిత్సలో కదలికల కొలత: చరిత్ర

స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, వాడుకలో ఎస్‌ఎంఏ, వెన్నుపాములోని చలన నాడీకణాలు నశించి కండరాలు చిక్కిపోయే జన్యువ్యాధి. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే బిడ్డకు జబ్బు చేస్తుంది. అందుకే మేనరికాలున్న కుటుంబాల్లో ముప్పు ఎక్కువ. ఇప్పుడు దీనికి మందులున్నాయి. మందు తీసుకుంటున్న మనిషి మెడ నిలుపుతున్నాడా, కూర్చుంటున్నాడా, చెయ్యి ఎంత ఎత్తుతున్నాడు అన్నది క్రమం తప్పకుండా కొలిచి రాసుకోవడం ఆ వైద్యంలో విడదీయరాని భాగం.

తెలుగిళ్లలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుతారు. వైద్యులు ఈ వ్యాధిని రకాలుగా విడదీసిందీ అలాంటి మెట్లను చూసే. 1890లలో గైడో వెర్డ్‌నిగ్, యోహాన్ హాఫ్‌మన్ పసిబిడ్డల్లో దీన్ని వర్ణించారు. నడక వచ్చాక బలహీనపడే పిల్లల గురించి 1956లో కూగెల్‌బర్గ్, వెలాండర్ రాశారు. క్రమంగా ఒక పద్ధతి స్థిరపడింది. ఎన్నడూ కూర్చోలేనివారు టైప్ 1, కూర్చున్నా నడక రానివారు టైప్ 2, నడిచినవారు టైప్ 3. బిడ్డ ఎక్కిన చివరి మెట్టు ఏదో దీన్నిబట్టి తెలుస్తుంది గానీ, ఆ తర్వాత ఏటేటా ఎంత జారిపోతున్నాడో తెలియదు.

1995లో పారిస్‌లో జుడిత్ మెల్కీ బృందం ఈ జబ్బుకు మూలమైన ఎస్‌ఎంఎన్1 జన్యువును గుర్తించింది. మందు మీద ఆశ పుట్టింది. మందు పనిచేస్తోందని చెప్పాలంటే కొలబద్ద కావాలి. 2003లో లండన్‌లోని హ్యామర్‌స్మిత్ ఆస్పత్రి బృందం 20 పనుల స్కేలును ప్రచురించింది. పని చేయలేకపోతే 0, ఏదో ఒక సాయంతో లేదా మరో తీరులో చేస్తే 1, చక్కగా చేస్తే 2. 2007లో మరో 13 పనులు చేర్చడంతో మొత్తం 66 మార్కులైంది.

టైప్ 1 పసికందులకు ఆ స్కేలు పనికిరాదు. వాళ్ల కోసం ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రిలో చాప్ ఇంటెండ్ అనే స్కేలు తయారై 2010లో వెలువడింది. 16 అంశాలు, 64 మార్కులు. డయపర్ తప్ప మిగతా బట్టలు తీసి బిడ్డను చాప మీద పడుకోబెడతారు. ఫిజియోథెరపిస్టు ముందు ఏమీ చేయకుండా చూస్తారు: మోచెయ్యి నేల మీంచి లేస్తోందా, వేళ్లు మాత్రమే కదులుతున్నాయా? తర్వాత రంగు బొమ్మ చూపించి తల ఎటు తిప్పుతుందో గమనిస్తారు. బిడ్డ ఆకలితో ఏడుస్తున్నా, నిద్రమత్తులో ఉన్నా స్కోరును నమ్మలేం. అందుకే బిడ్డ ఏ స్థితిలో ఉందో కూడా కాగితం మీద రాస్తారు.

2016 డిసెంబరులో అమెరికాలో నుసినెర్సెన్ అనే మందుకు అనుమతి రావడానికి ఇలాంటి కొలతలే ఆధారం. టైప్ 1 పసిపిల్లల పరీక్షలో మందు పొందిన 73 మందిలో 37 మంది ఎదుగుదల మెట్లలో ముందుకు కదిలారు. మందు అందని 37 మందిలో ఒక్కరూ కదల్లేదు. కాస్త పెద్ద పిల్లల్లో 15 నెలలకు హ్యామర్‌స్మిత్ స్కోరు సగటున 3.9 పెరిగింది, మందు అందనివారిలో 1 తగ్గింది. ఈ తగ్గుదలను మరచిపోకూడదు. ఏడాది తర్వాత కూడా అదే స్కోరని విని తల్లిదండ్రులు డీలాపడుతుంటారు. జారడమే స్వభావమైన జబ్బులో ఉన్నచోట నిలబడటం చిన్న సంగతి కాదు. ఆ మాట వాళ్లకు విడమరచి చెప్పాల్సింది స్కోరు వేసినవారే.

2019లో జన్యుచికిత్స, 2020లో నోటి మందు రిస్‌డిప్లామ్ వచ్చాయి. పోల్చబోతే చిక్కు ఎదురైంది. ఒక పరీక్షలో ఆసరా లేకుండా 5 సెకన్లు కూర్చుంటే చాలు, మరో పరీక్షలో 30 సెకన్లు కూర్చోవాలి. రెండింటికీ పేరు ‘కూర్చోవడ’మే. సెకన్లు చూడకుండా శాతాలు పక్కపక్కన పెట్టి ఏ మందు మేలో తేల్చడం తప్పు.

కొలబద్దలూ పొట్టివయ్యాయి. లక్షణాలు కనబడకముందే చికిత్స మొదలైన పిల్లల్లో చాలామంది చాప్ ఇంటెండ్‌లో 64కు చేరుకున్నారు. ఆపై వాళ్ల ఎదుగుదలను అది పట్టుకోలేదు. రెండో కొసన చక్రాల కుర్చీలో ఉన్న పెద్దవాళ్లు. హ్యామర్‌స్మిత్ స్కేలులో సున్నా దగ్గరున్న మనిషి కూడా వేలితో కుర్చీ నడుపుకుంటాడు. ఆ బలం తగ్గితే జీవితమే మారిపోతుంది. చేతుల కోసం సవరించిన ఆర్‌యూఎల్‌ఎం పరీక్ష 37 మార్కులతో 2017లో వచ్చింది. కాగితం చింపడం, మీట నొక్కి దీపం వెలిగించడం, బరువున్న కప్పును నోటిదాకా తేవడం వంటివి అందులో ఉంటాయి. నడిచేవారికి ఆరు నిమిషాల నడక పెడతారు. మొదటి నిమిషంలో నడిచిన దూరానికీ చివరి నిమిషంలో నడిచిన దూరానికీ ఉన్న తేడాలో అలసట బయటపడుతుంది. వంకర తిరిగిన వెన్నెముకకు కడ్డీలు వేశాక పొర్లడం, వంగడం కష్టమై మార్కులు పడిపోవచ్చు. దాన్ని మందు వైఫల్యంగా చదవకూడదు.

భారత్‌లో రిస్‌డిప్లామ్ 2021లో అందుబాటులోకి వచ్చింది. అప్పట్లో సీసా ధర సుమారు 6 లక్షల రూపాయలు ఉండేది. సుదీర్ఘ పేటెంటు వివాదం తర్వాత 2025 అక్టోబరులో హైదరాబాదు కంపెనీ నాట్కో తన జెనరిక్‌ను 15,900 రూపాయలకు విడుదల చేసింది. ధర అడ్డమై ఇన్నేళ్లూ ఆగిపోయినవారు, అందులో పెద్దవయసువారు కూడా, మందు మొదలుపెట్టే వీలు దీంతో పెరిగింది. వాళ్ల చేతుల బలం, కూర్చునే తీరు, ఊపిరి సామర్థ్యం మొదటి మోతాదుకు ముందే కొలిచి రాయించుకోవాలి. సీసా మూత తీశాక ఆ తొలి స్కోరు మళ్లీ దొరకదు.