ఎర్రమంజిల్: ఒక భవనం, ఒక పేరు, ఒక తీర్పు

కీలకపదాలు: ఎర్రమంజిల్, ఫక్రుల్ ముల్క్, స్థలనామాలు, లోకవ్యుత్పత్తి, వారసత్వ కట్టడాలు

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదులో అమీర్‌పేట, పంజాగుట్టల పరిసరాల్లోని ఎర్రమంజిల్ నేడు ఒక పేటగా, మెట్రో స్టేషనుగా అందరికీ పరిచితం. ఆ పేరుకు మూలమైన భవనం నవాబు ఫక్రుల్ ముల్క్ కుటుంబ నివాసం. ఆ భవన చరిత్రను, దాని పేరులోని భాషాసంబంధాన్ని, 2019 నాటి న్యాయవివాదాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిర్మాణం - కాలనిర్ణయం:

ఫక్రుల్ ముల్క్ నిజాం ప్రభుత్వంలో ఉన్నతపదవులు నిర్వహించిన ప్రభువు. గుట్టపై వెలసిన ఆయన భవనంలో నూటయాభైకి పైగా గదులున్నాయి. గచ్చుతో తీర్చిన అలంకారాలు, స్తంభాల వరుసలు యూరపు బరోక్ శైలిని అనుసరిస్తాయి. బ్రిటిషు ఆధిపత్యకాలంలో సంస్థాన ప్రభువర్గం పాశ్చాత్య అభిరుచిని హోదాచిహ్నంగా స్వీకరించిన తీరుకు ఇది నిదర్శనం.

నిర్మాణకాలం 1870 ప్రాంతమని ప్రసిద్ధి. ఫలక్‌నుమాను మించాలన్న పట్టుదలతో కట్టించారన్న కథ కూడా ప్రచారంలో ఉంది. అయితే ఫలక్‌నుమా నిర్మాణం మొదలైంది 1884లో. కాబట్టి ఈ రెండు కథనాలూ ఒకేసారి నిజం కాజాలవు. ఇటువంటి కథలను కాలక్రమంతో సరిచూసిన తరువాతే చరిత్రకు ఆధారంగా గ్రహించాలి.

3. ఇరం - ఎర్ర:

భవనం అసలు పేరు ‘ఇరం మంజిల్’. ‘ఇరం’ అరబ్బీ, పారశీక సంప్రదాయాల్లో స్వర్గతుల్యమైన ఉద్యానానికి పేరు. ‘మంజిల్’ అంటే మజిలీ, నివాసం. గుట్టకు స్థానికంగా ఉన్న ‘ఎర్రగడ్డ’ అన్న పేరుతో ధ్వనిసామ్యం ఉన్నందువల్లే నవాబు ‘ఇరం’ను ఎంచుకున్నాడని చెబుతారు. తెలుగువారి నోట అది ‘ఎర్రమంజిల్’ అయింది. అర్థం తెలియని అన్యదేశ్యాన్ని తెలిసిన పదంతో అన్వయించుకోవడమే లోకవ్యుత్పత్తి. నేటి పేరులో పూర్వపదం తెలుగు, ఉత్తరపదం అరబ్బీ. పాలకభాష, ప్రజలభాష ఒకే సమాసంలో ఇమిడిపోయాయి.

4. కూల్చివేత నిర్ణయం - తీర్పు:

కాలక్రమంలో భవనం ప్రభుత్వాధీనమై, ఇంజనీరింగు శాఖల కార్యాలయంగా మారింది. 2019 జూన్‌లో తెలంగాణ మంత్రివర్గం దీనిని తొలగించి, ఆ స్థలంలో శాసనసభా భవనం నిర్మించాలని నిర్ణయించింది. ఆ నెల 27న శంకుస్థాపన జరిగింది. పాత నిర్మాణం జీర్ణమైందని, కొత్త రాష్ట్రానికి తగిన సభాభవనం అవసరమని ప్రభుత్వ వాదన. వారసత్వ కట్టడాల జాబితాకెక్కిన భవనాన్ని కూల్చరాదని పిటిషనర్ల వాదన. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది.

5. ముగింపు:

తీర్పు కూల్చివేతను ఆపింది. కాని వాడుక, మరమ్మతు లేని కట్టడాన్ని నిలపడం తీర్పువల్ల సాధ్యం కాదు. భవనం కూలినా స్టేషను పలకపై పేరు మిగులుతుంది. అప్పుడు ‘మంజిల్’ ఏదని అడిగే విద్యార్థికి చూపడానికి ఏమీ ఉండదు. స్థలనామ పరిశోధన, కట్టడాల సంరక్షణ పరస్పరం ఆధారపడినవని ఎర్రమంజిల్ నిరూపిస్తున్నది.