నీలిరంగు గెలుపు

ఇంటి దగ్గర పెద్ద చదువు చదివి, పరాయి దేశంలో దానికి తగిన ఉద్యోగం దొరకక నొచ్చుకున్నవారు మనలో చాలామందే ఉంటారు. మనకంటె ఎంతో ముందు ఆ బాధ పడినవారు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడికి కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. బోస్టన్‌లో ఆ పట్టాతో డాక్టరు ఉద్యోగం రాలేదు. పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో పనివాడి కొలువు.

తర్వాత హార్వర్డ్‌లో ఫిస్క్‌గారి వద్ద చేరి, రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పని పట్టారు. రసాయనాలు కలిపితే ద్రవం నీలమవుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఈ పద్ధతి 1925లో అచ్చయింది. ఆ కొలత చూపిన దారిలోనే ఫాస్ఫోక్రియేటిన్, ఏ.టి.పి. బయటపడ్డాయి.

అయినా హార్వర్డ్ శాశ్వతమైన పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్ళిపోయారు, 1948లో కన్నుమూశారు.

పదవి దక్కలేదు గాని, ‘ఫిస్క్-సుబ్బారావు పద్ధతి’ పుస్తకాల్లో నిలిచింది. మన పేర్లకు నోరు తిరగదనే వారిచేతనే ఒక తెలుగు పేరు రోజూ పలికించిన గెలుపది!