యౌవనుల నాయకత్వ తర్ఫీదు: ఆదోని, ఎమ్మిగనూరు సంఘముల అనుభవము

శతాబ్ది సంచిక తెరవగానే బిషప్పుల ఛాయాచిత్రములు, దేవాలయములు కట్టించినవారి పేర్లు, శంకుస్థాపన తేదీలు కంటబడుట సహజము. అవి ఉండవలసినవే. అయితే ఆ దేవాలయములలో చాపలు పరచినవారు, ఆదివారపు బడిలో పిల్లలకు పాటలు నేర్పినవారు, క్రిస్మస్ రాత్రి దీపము పట్టుకొని ఇంటింటికి తిరిగినవారు ఎక్కువమంది యౌవనులే. వారి పేర్లు ఏ శిలాఫలకము మీదను లేవు. అటువంటివారు ఎట్లు తయారగుచున్నారు? నాయకత్వ శిక్షణ అను పేరిట మనము జరుపుచున్న కూటములు ఒక విద్యార్థి జీవితములో నిజముగా ఏమి చేయుచున్నవి? ఈ ప్రశ్నను ప్రియమైన సంఘ సభ్యుల యెదుట ఉంచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

యౌవనులను కూర్చి తర్ఫీదు చేయు పద్ధతి పాతదే. 1844 జూన్ 6న లండను నగరములో జార్జి విలియమ్స్ అను ఇరువది రెండేండ్ల బట్టల దుకాణపు గుమాస్తా, తనవంటి గుమాస్తాలను కొందరిని కూర్చుకొని వై.ఎం.సి.ఎ.ను స్థాపించినాడు. 1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని పోర్ట్‌లాండ్ పట్టణములో పాస్టరు ఫ్రాన్సిస్ క్లార్క్ గారు క్రిస్టియన్ ఎండెవర్ సమాజమును ప్రారంభించినారు. అందులో చేరిన యౌవనుడు ఊరక కూర్చుండుటకు వీలులేదు. కూటములో తన వంతు నోరు తెరువవలెను; ఏదో ఒక కమిటీలో పని చేయవలెను. విని వెళ్ళువానిని పనిచేయువానిగా మార్చుటయే ఆ ఏర్పాటులోని మర్మము.

మన తెలుగు సంఘములకు ఈ తర్ఫీదు ఇచ్చిన గొప్ప ఫలము బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. వారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతములో ఒక గ్రామ పాదిరిగారి ఇంట పుట్టినారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినారు గాని పట్టా పుచ్చుకొనలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి 1909 వరకు విద్యార్థుల మధ్యను, యౌవనుల మధ్యను తిరిగినారు. కూటములు ఏర్పాటు చేయుట, ఉత్తరములు వ్రాయుట, లెక్కలు చూచుట, ఊరూర పిల్లవాండ్రతో కూర్చుండి మాట్లాడుట: ఇదియే వారి పాఠశాల.

1902లో వారు యాఫ్నాకు వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సేవకులను బయటి ప్రాంతములకు పంపుట చూచినారు. మన సంఘము ఎవరిని పంపినది అను ప్రశ్న వారిని వదలలేదు. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడుటలో వారు ముఖ్యులు. ఇతరులను పంపుట చాలదని తలంచి 1909లో, తమ ముప్పది అయిదవ ఏట, ఉద్యోగము విడిచి నైజాము రాజ్యములోని దోర్నకల్ చేరినారు. తమిళుడు తెలుగు నేర్చుకొని తెలుగు పల్లెల సేవకుడైనాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన అభిషేకము జరిగినది. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన మహాసభలో వారు చేసిన ప్రసంగము నేటికిని జ్ఞాపకము చేసికొనదగినది. మిషనరీల త్యాగమును, ఔదార్యమును ఆయన కాదనలేదు. తమతో సమానులుగా కూర్చుండు స్నేహితులు కావలెనని మాత్రము అడిగినారు. ఆనాడు తెల్లవారిని అడిగిన ఆ మాటను నేడు మన యౌవనులు మనలను అడుగుచున్నారని మాకు తోచుచున్నది. ఎందుకో క్రింద చెప్పెదము.

మన ప్రాంతపు చరిత్ర కొంత వేరు. ఆదోని తాలూకా, అందులోని ఎమ్మిగనూరుతో సహా, 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండినది. బళ్ళారిలో 1810లో లండను మిషనరీ సొసైటీ పని మొదలైనది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు మనము కర్నూలు జిల్లాలోనికి వచ్చినాము. తెలుగు, కన్నడము రెండును వినబడు నేల; నల్లరేగడి, ప్రత్తి, జొన్న, వేరుశనగ; వాన పడిన ఏడు పంట, పడని ఏడు అప్పు.

సేవలో నాయకత్వమునకు మాదిరి సంఘము బయట కూడ ఈ నేలమీదనే ఉన్నది. నేతపనివారు నూలుకై షావుకార్లమీద ఆధారపడిన కాలములో, మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘమును స్థాపించినారు. నూలు ఇచ్చుట, నేసిన బట్ట కొనుట సంఘమే చేసినది. 1954లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది. ఆయన మాటలకంటె ఆ సంఘపు లెక్కల పుస్తకమే మేలైన ఉపన్యాసము. తరువాత 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి వత్సరములో, 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవా పథకము ప్రారంభమైనది. ఏటికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటల సేవ దాని నియమము. గంటలు లెక్కించుట సులభమే. ఆ గంటలలో మనస్సు మారినదా అనునదే కష్టమైన లెక్క.

ఇక మేము కన్నులార చూచిన ఒక సంగతి. కోసిగి వైపు పల్లెనుండి వచ్చి ఆదోనిలో ఇంటర్ చదువుచున్న ఒక విద్యార్థిని కొన్నేండ్ల క్రిందట పది రోజుల నాయకత్వ శిక్షణకు పంపినాము. అతడు తిరిగి వచ్చి తన ఊరి దేవాలయములో రాత్రి బడి పెట్టెదనని ప్రకటించినాడు. మైకు కట్టించినాడు, కమిటీ వేసినాడు, ప్రసంగము చేసినాడు. సంఘ పెద్దలు చప్పట్లు కొట్టినారు. పిల్లలు రాలేదు.

కారణము మనకందరికి తెలిసినదే. పంట చేతికి రాని ఏడు మన పల్లెలు గుంటూరు వైపు సుగ్గికి పోవును. ముందు ప్రత్తి, తరువాత మిరపకాయ. తల్లిదండ్రుల వెంబడి పిల్లలును పోవుదురు. ఇండ్లకు తాళములు, బడిలో హాజరు పట్టీలో పేర్లు మాత్రము. ఒక సాయంకాలము ఆ విద్యార్థి మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, పిల్లోళ్ళు ఊర్లోనే లేరు. మన మైకు వాళ్ళకెట్లా ఇనపడతాది?" అన్నాడు. శిక్షణ అతనికి నేర్పినది ఆనాడు బయటపడినదని మా నమ్మకము. ఓడిపోయితినని అనలేదు, ఊరివారిని నిందించలేదు. తప్పు ఎక్కడున్నదో వెదకినాడు.

అతడు ఇంటింటికి తిరిగి ఒక పట్టీ వ్రాసినాడు. ఏ ఇంట అవ్వ ఉన్నది, ఏ బిడ్డను ఆమెయొద్ద విడిచిపెట్టవచ్చును, ఎవరికి జొన్నలు చాలవు అను వివరములు అందులో ఉన్నవి. జొన్నలు సంఘములోనే పోగుచేసినారు. దేవాలయములో చదువుకొనుటకు తాళపుచెవి అడిగినాడు. ఇక్కడ మా తప్పు ఒప్పుకొనవలెను. "పిల్లవాడు, బల్లలు విరుగగొట్టుదురేమో" అని నెల దినములు ఇయ్యకుంటిమి. అతనిని శిక్షణకు పంపినవారము మేమే, నమ్మనివారమును మేమే. అజరయ్యగారి ఎడిన్‌బరో ప్రసంగము మేము వేదాంత కళాశాలలో చదివినాము గాని, ఆ తాళపుచెవి చేతిలో ఉన్నప్పుడు జ్ఞాపకము రాలేదు.

తరువాతి ఏడు అతని తండ్రికి అప్పు మీదపడినది. చదువు ఆపి అతడే సుగ్గికి పోవలసి వచ్చినది. బడి మూతపడునని మేమనుకొంటిమి. మూడు వారముల తరువాత ఆ ఊరికి వెళ్ళగా దీపము వెలుగుచున్నది. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఇద్దరు ఆడపిల్లలు చిన్నవారిచేత ఎక్కములు చెప్పించుచున్నారు. హాజరు పట్టీ వారి చేతివ్రాతలో ఉన్నది. పోకముందు అతడు పట్టీని, తాళపుచెవిని వారికి అప్పగించి పోయినాడట. మమ్మును అడుగలేదు. అడుగనందుకు దేవునికి స్తోత్రము చెల్లించినాము.

ఆ విద్యార్థి గొప్ప ఉద్యోగస్థుడు కాలేదు. ఈనాడు ఎమ్మిగనూరులో మగ్గపు బట్టల చిన్న కొట్టు నడుపుకొనుచు, ఆదివారము సంఘపు లెక్కలు వ్రాయుచున్నాడు. "అంత తర్ఫీదు ఇచ్చి ఏమి లాభము, అయ్యగారూ?" అని కొందరు పెద్దలు మమ్ము అడిగినారు. ఉద్యోగమే కొలత అయినయెడల లాభము లేదు. కాని ఆ ఇద్దరు ఆడపిల్లలు పదవ తరగతి దాటినారు. అతడు లేనప్పుడు ఆరిపోని దీపమే అతని నాయకత్వమునకు సాక్ష్యము.

కాబట్టి శతాబ్ది వేళ సంఘములకు మా మనవి మూడు మాటలు. శిక్షణకు పంపుటకు ముందే, తిరిగి వచ్చినవానికి ఏ పని అప్పగించెదమో నిర్ణయించుకొందము. ధ్రువపత్రముతో బాటు తాళపుచెవి ఇత్తము. తప్పిపోయినప్పుడు సంఘము నడుమ నిలువబెట్టక, ప్రక్కన కూర్చుండి స్నేహితులవలె మాటలాడుదము. కట్టిన గోడలకు నూరేండ్లు నిండినవి. రాబోవు నూరేండ్లు ఇప్పుడు మన వెనుక బల్లలమీద కూర్చున్న యౌవనుల చేతిలో ఉన్నవి. వారిని నమ్ము కృపను ప్రభువు మనకు దయచేయును గాక.