నీళ్ళు మరిగాక తానే ఆగే కెటిల్



హోసూరు, కృష్ణగిరి వైపు చాలా ఇళ్ళలో తెల్లవారకముందే పొయ్యి పని మొదలవుతుంది. షిఫ్టుకు పోయేవారికి కాఫీ కావాలి, పిల్లలకు పాలు కలపాలి, పెద్దవాళ్ళకు ఉడుకునీళ్ళు కావాలి. ఇందుకోసమే ఎందరో కరెంటు కెటిల్ పెట్టుకున్నారు. అది పాడైతే కొత్తది కొనాలి. అంగట్లో పది రకాలు వరుసగా పెట్టి చూపిస్తారు. అందులో ఏది తీసుకోవాలి? అంగడికి పోయేముందు దాని చరిత్ర కొంచెం తెలుసుకుందాం. దేన్ని చూసి కొనాలో అందులోనే తెలుస్తుంది.

మన పక్కనున్న కోలారు బంగారు గనులకు 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. 1905లో బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగాయి. అప్పుడు మన ప్రాంతం సేలం జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలోని మెట్టూరు ఆనకట్ట 1934లో పూర్తయి, 1937లో అక్కడ కరెంటు తయారీ మొదలైంది. ఊరూరికీ తీగలు చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అంతవరకు కట్టెల పొయ్యి, కిరసనాయిలు స్టవ్వులే దిక్కు. కట్టెల పొయ్యికి ఒక మంచి గుణం ఉంది. కట్టె అయిపోతే మంట అదే ఆరిపోతుంది. కరెంటుకు ఆ గుణం లేదు. ఎవరైనా ఆపేదాకా అది కాలుస్తూనే ఉంటుంది. కెటిల్ కథంతా దీని చుట్టూనే తిరిగింది.

మన ఇళ్ళలో ఫ్యాన్ల మీద క్రాంప్టన్ అనే పేరు చూస్తుంటాం. ఆ పేరుగల ఇంజనీరు యువకుడుగా ఉన్నప్పుడు సైన్యంలో చేరి మన దేశానికి వచ్చి పనిచేసినవాడు. ఇంగ్లండులో ఆయన కంపెనీ 1890లలోనే కరెంటు కెటిళ్ళు అమ్మింది. వాటిలో వేడిచేసే తీగ అడుగున వేరే అరలో ఉండేది. అందువల్ల నీళ్ళు కాగడానికి చాలాసేపు పట్టేది. 1922లో బుల్‌పిట్ అనే కంపెనీలో లెస్లీ లార్జ్ అనే ఆయన ఆ తీగను లోహపు గొట్టంలో అమర్చి నీళ్ళలోనే ఉంచాడు. పని వేగమైంది, దానితోపాటు ప్రమాదమూ పెరిగింది. కెటిల్ పెట్టి మరో పనిమీద పోతే నీళ్ళన్నీ ఆవిరైపోయి, ఒట్టి గొట్టం ఎర్రగా కాలేది.

దీనికి మంచి ఉపాయం 1955లో వచ్చింది. రస్సెల్, హాబ్స్ అనే ఇద్దరు కలిసి పెట్టిన కంపెనీ, నీళ్ళు మరగగానే తానే ఆగే కెటిల్‌ను తయారుచేసింది. రెండు వేర్వేరు లోహాల రేకులను ఒకటిగా అతికిస్తే, వేడి తగిలినప్పుడు ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా సాగి, రేకు వంగుతుంది. మరిగే నీళ్ళ ఆవిరి తగిలి వంగిన ఆ రేకే స్విచ్చిని ఆపుతుంది. ఈ జంట లోహపు రేకును 18వ శతాబ్దంలో కనిపెట్టినవాడు జాన్ హారిసన్ అనే గడియారాల పనివాడు. ఎండకూ చలికీ గడియారం నడక మారకుండా ఉండడానికి ఆయన దాన్ని వాడాడు. టైటాన్ గడియారాలు చేసే హోసూరులో ఉన్నవారికి ఈ సంగతి చెప్పడం నాకు సంతోషం.

ఇక కొనే సంగతి. సేఫ్టీ వాల్వు లేని ప్రెషర్ కుక్కరును మనం ఇంటికి తెస్తామా? తేము. కెటిల్‌నూ అలాగే చూడండి. నీళ్ళు మరగగానే ఆగుతుందా, నీళ్ళు లేకుండా స్విచ్చి వేస్తే కూడా కరెంటు ఆగిపోతుందా అని అడగండి. అంగట్లోనే నీళ్ళు పోసి కాచి చూపించమనండి. ఇంట్లో మూత గట్టిగా వేయండి. మూత తెరిచి ఉంటే ఆవిరి ఆ రేకు దాకా చేరదు, కెటిల్ ఆగదు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందా, ప్లగ్గుకు మూడు పిన్నులున్నాయా చూడండి.

తరువాత వాట్లు. 1500 వాట్ల కెటిల్ లీటరు నీళ్ళను దాదాపు నాలుగు నిమిషాల్లో మరిగిస్తుంది. 230 వోల్టుల కరెంటులో అది ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. దీపాలకు, ఫ్యాన్లకు పెట్టే 6 ఆంపియర్ల చిన్న సాకెట్టుకు అది భారమే. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టులో పెట్టండి. అది ఇంట్లో లేకపోతే వెయ్యి వాట్లది తీసుకోండి. రెండు మూడు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. కరెంటు ఖర్చు మాత్రం ఇంచుమించు ఒకటే.

చివరిగా నీళ్ళ సంగతి. బోరునీళ్ళలో సున్నం ఎక్కువగా ఉంటే కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటుంది. నిమ్మరసం కలిపిన నీళ్ళు కాచి, కాసేపు ఉంచి కడిగితే పోతుంది. కాని ఫ్లోరైడు అలా కాదు. నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు ఎముకలకు చేసే చెరుపు గురించి 1937లోనే వైద్యులు రాశారు. మన కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లోనూ ఆ బాధ ఉండబట్టే హొగేనకల్ తాగునీటి పథకం వచ్చి, 2013లో ప్రారంభమైంది. నీళ్ళు కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్ళలో దాని పాలు పెరుగుతుంది కూడా. ఎంత ఖరీదైన కెటిల్ అయినా ఇంతే. కనుక తాగడానికి, పిల్లల పాలకు బోరునీళ్ళు కాచి వాడేవారు ముందుగా ఆ నీళ్ళను పరీక్ష చేయించండి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉంటే, ఆ బోరు నీళ్ళు తాగడానికి వాడకండి. పథకం నీళ్ళు పట్టి కెటిల్లో పోయండి.