చొక్కా మీది చిన్న బిళ్ళ – మన ఊరి ఆటల బ్యాడ్జీల కథ

ప్రభుత్వ కార్యాలయాల్లో జీవితం గడిపిన మనకు బిళ్ళ అనే మాట కొత్తది కాదు. ఆంధ్ర ప్రాంతపు కచేరీల్లో బిళ్ళబంట్రోతు ఉండేవాడు. భుజాన అడ్డంగా డవాలు, దాని మీద తళతళలాడే ఇత్తడి బిళ్ళ. హైదరాబాదు కచేరీల్లో ఆయన్నే చప్రాసీ అనేవారు. ఆ పేరులో ఉన్నదీ బిళ్ళే. ఉర్దూలో చప్రాస్ అంటే అదే అర్థం. 1956 నవంబరు 1న రెండు ప్రాంతాల ఉద్యోగులు ఒక్క కప్పు కిందికి వచ్చినప్పుడు పేర్లు రెండయినా బిళ్ళ ఒక్కటే. అది పెట్టుకున్నవాడు సర్కారు మనిషి, అతనికి దారి ఇవ్వాలి. అంతే.

అధికారానికి గుర్తుగా ఉన్న ఆ బిళ్ళ ఆటల మైదానంలోకి వచ్చి అభిమానానికి గుర్తు ఎలా అయిందో, మన అబిడ్స్, నాంపల్లి పరిసరాల్లో దాని ఆనవాళ్ళు ఏమున్నాయో పాఠక మిత్రులకు మనవి చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో మన ఇళ్ళకు సంబంధించిన విషయం కూడా ఒకటి ఉంది. అది చివర చెబుతాను.

ఇప్పుడు మనం చూసే గుండ్రని పిన్ను బ్యాడ్జీ పుట్టిల్లు అమెరికా. న్యూజెర్సీ రాష్ట్రంలోని నెవార్క్ పట్టణంలో వైట్‌హెడ్ అండ్ హోగ్ అనే కంపెనీ దీనికి పేటెంట్లు తీసుకుంది. వాటిలో ముఖ్యమైనది 1896 నాటిది. ఆ ఏడాది మెకిన్లీ, బ్రయాన్ అధ్యక్ష పదవికి పోటీ పడ్డారు. ఇద్దరి బొమ్మలతోనూ ఈ బ్యాడ్జీలు కుప్పలుగా వెలువడ్డాయి. ఎన్నికలు కాగానే వ్యాపారస్తుల కన్ను ఆటల మీద పడింది. 1910–12 ప్రాంతాల్లో స్వీట్ కాపోరల్ అనే సిగరెట్ల వారు బేస్‌బాల్ ఆటగాళ్ళ ముఖాలతో చిన్న బ్యాడ్జీలు తయారు చేయించి సిగరెట్లతో పాటు ఇచ్చారు. వాటిని పోగు చేసేవారు ఈనాటికీ ఉన్నారు. ఆధునిక ఒలింపిక్స్ మొదలైంది కూడా 1896లోనే. ఏథెన్స్‌లో జరిగిన ఆ పోటీల్లో ఆటగాళ్ళనూ, న్యాయనిర్ణేతలనూ గుర్తుపట్టడానికి అట్టబిళ్ళలు వాడారు. తరువాతి ఒలింపిక్స్‌లో ఒక దేశం వారు ఇంకో దేశం వారితో పిన్నులు మార్చుకునే ఆనవాయితీకి అదే బీజం.

తయారీ పెద్ద బ్రహ్మవిద్య కాదు. పలుచని రేకును డబ్బా మూతలాగా గుండ్రంగా ఒత్తుతారు. దాని మీద అచ్చు వేసిన కాగితం, ఆ పైన పారదర్శకమైన పొర. ఆ రోజుల్లో అది సెల్యులాయిడ్, ఇప్పుడు ప్లాస్టిక్. పొర అంచును వెనక్కి మడిచి, లోపల ఒక వలయం బిగిస్తారు. ఆ వలయంలో స్ప్రింగులా వంచిన తీగే పిన్ను. చౌక కాబట్టి వేల సంఖ్యలో చేయవచ్చు. చౌక కాబట్టే ఎవరూ దాచిపెట్టరు. ఇత్తడి మీద మీనా పోసిన బ్యాడ్జీ దీనికి పెద్దన్న వంటిది. దాని ఖరీదు ఎక్కువ, ఆయుర్దాయమూ ఎక్కువ.

ఇక మన ఊరి సంగతి. అబిడ్స్‌కు ఆ పేరు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆబిద్ అనే ఆర్మీనియన్ పెట్టిన దుకాణం వల్ల వచ్చింది. అక్కడి జనరల్ పోస్టాఫీసు నుంచి గన్‌ఫౌండ్రీ మీదుగా నడిస్తే ఫతే మైదాన్ వస్తుంది. 1687లో గోల్కొండ ముట్టడి నాడు మొగలు సైన్యం విడిది చేసిన చోటు అది. విజయానంతరం ఫతే మైదాన్ అయింది. నిజాం కాలంలో అక్కడ పోలో ఆడేవారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టారు. ఇంకోవైపు నాంపల్లి స్టేషను, పబ్లిక్ గార్డెన్స్, నుమాయిష్ మైదానం. నడిచి తిరగగలిగిన ఈ కొద్దిపాటి ప్రదేశంలో హైదరాబాదు ఆటల చరిత్ర చాలా భాగం జరిగింది.

ఆ చరిత్రలో మొదట చెప్పుకోవలసింది ఫుట్‌బాల్. మనవళ్ళకు చెబితే నమ్మరు గానీ, ఈ దేశంలో ఒకప్పుడు ఫుట్‌బాల్ అంటే కలకత్తా తరువాత హైదరాబాదే. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు ఎవరికీ వదలలేదు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు వృత్తిరీత్యా బడిపంతులు. అందరికీ రహీం సాబ్. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మళ్ళీ స్వర్ణం తెచ్చింది. మెల్బోర్న్ వెళ్ళిన జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మన జంటనగరాల బిడ్డలే. జకార్తా విజయం తరువాత ఏడాది కూడా తిరగకుండా, 1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తరువాత స్వర్ణం రాలేదు. 2024లో ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చేదాకా ఈ తరం పిల్లల్లో చాలామందికి ఆయన పేరే తెలియదు.

ఇంత వైభవం చూసిన ఊళ్ళో అప్పటి అభిమానుల బ్యాడ్జీలు ఎందుకు కనబడవు? నాకు తోచిన కారణం ఇది. మన దగ్గర బ్యాడ్జీ కొనుక్కునే వస్తువు కాదు, ఇవ్వబడే వస్తువు. ఆటగాడికి కోటు జేబు మీద కుట్టిన గుడ్డ చిహ్నం, రిఫరీకి, వాలంటీరుకు పిన్నుతో గుచ్చే బ్యాడ్జీ, బడిలో కెప్టెనుకు మీనా బ్యాడ్జీ. అది హక్కు, హోదా. గేలరీలో కూర్చున్నవాడు గొంతు చించుకుని అరిచేవాడే తప్ప చొక్కాకు ఏమీ తగిలించుకునేవాడు కాదు. అంటే చప్రాస్ నీతే మైదానంలోనూ నడిచింది. 1955 నవంబరులో ఫతే మైదాన్‌లో మన నగరపు మొట్టమొదటి టెస్టు మ్యాచ్ న్యూజిలాండ్‌తో జరిగింది. కెప్టెన్ మన గులాం అహ్మద్. ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. భారతీయుడు టెస్టుల్లో చేసిన తొలి డబుల్ సెంచరీ అది. ఆనాడు అది చూసిన పెద్దల నుంచి కథలు ఎన్నో విన్నాను గానీ, దాచుకున్న బ్యాడ్జీ చూపించినవారు లేరు.

బ్యాడ్జీని కొనుక్కునే వస్తువుగా మనవాళ్ళకు అలవాటు చేసినవి తిరునాళ్ళు, సంతలు. నగరంలో అందరికంటే పెద్ద సంత నాంపల్లి నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ఈ ప్రదర్శన 1946లో ఇప్పటి మైదానానికి మారింది. అక్కడ గాజుల అంగడి పక్కన, బొమ్మల అంగడి పక్కన సినిమా తారలవీ, క్రికెట్ వీరులవీ బ్యాడ్జీలు పిల్లలు మారాం చేసి కొనిపించుకునేవారు. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు అప్పు అనే ఏనుగుపిల్ల బొమ్మ దేశమంతా తిరిగింది. టీవీలు కొత్తగా ఇళ్ళలోకి వస్తున్న రోజులవి. మా సెక్షనులో ఢిల్లీ వెళ్ళివచ్చిన ఒకాయన అప్పు బ్యాడ్జీ చొక్కాకు పెట్టుకుని ఆఫీసుకు వస్తే, సూపరింటెండెంటు గారు కళ్ళజోడు సవరించుకుని, “ఏమయ్యా, ఇది ఏ డిపార్టుమెంటు బిళ్ళ?” అన్నారు. అందరం నవ్వాం. కానీ ఆలోచిస్తే, ఏ డిపార్టుమెంటూ ఇవ్వకుండా తన ఇష్టం కొద్దీ ఒక మనిషి పెట్టుకున్న బిళ్ళ అది. కొత్తదనం అక్కడ ఉంది.

తరువాత 1987 అక్టోబరు 10న రిలయన్స్ కప్పులో న్యూజిలాండ్, జింబాబ్వే మ్యాచ్ లాల్ బహదూర్ స్టేడియంలో జరిగింది. హౌటన్ 142 పరుగులు చేసినా జింబాబ్వే 3 పరుగుల తేడాతో ఓడింది. 2003లో ఆఫ్రో–ఆసియా క్రీడలు హైదరాబాదులో జరిగాయి. ఐపీఎల్ వచ్చాక డెక్కన్ చార్జర్స్ జట్టు 2009లో కప్పు గెలిచి, 2012 తరువాత లేకుండానే పోయింది. జట్టు పోయినా, ఆ పేరున్న బ్యాడ్జీ ఎవరి డ్రాయరులోనైనా ఉంటే అది ఇప్పుడు చరిత్రే.

అబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూసిన తరువాత ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారని మీకు తెలుసు. రిటైరయ్యాక అక్కడికి వెళ్ళడం నాకు వ్యసనం. పుస్తకాల మధ్య అప్పుడప్పుడు నాణేలు, బిళ్ళలు కలిసిన రేకు పళ్ళెం కనబడుతుంది. రికార్డు సెక్షను అలవాటు కొద్దీ, తేదీ లేని బ్యాడ్జీకి తేదీ కట్టడం నేర్చుకున్నాను. కొన్ని సూత్రాలు చెబుతాను.

బ్యాడ్జీ మీద హైదరాబాద్ అని ఉన్నంత మాత్రాన 1956కు ముందుది అనుకోరాదు. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన తరువాత కూడా 1956–57, 1957–58 సంతోష్ ట్రోఫీలు మనవాళ్ళు హైదరాబాద్ పేరుతోనే గెలిచారు. 1965–66లో గెలిచింది ఆంధ్రప్రదేశ్ పేరుతో. క్రికెట్‌లో ఇన్ని మార్పులు జరిగినా హైదరాబాద్ పేరు అలాగే ఉంది. ఆంధ్ర జట్టు 1953 నుంచి వేరే. తెలంగాణ పేరుతో రాష్ట్ర జట్టు బ్యాడ్జీ ఉంటే 2014 జూన్ 2 తరువాతిదని చెప్పవచ్చు. లాల్ బహదూర్ స్టేడియం అని ఉంటే 1967కు ముందుది కాదు. వెనుక తయారీదారు చిరునామాలో పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరువాతిది, ఎందుకంటే ఆ విధానం మొదలైంది ఆ రోజునే. అమెరికా బ్యాడ్జీ వెనుక కాగితం మీద 1896 అని ఉంటే అది పేటెంటు తేదీ మాత్రమే. పాత ఫారం మీద అచ్చయిన జీవో తేదీకీ, మనం ఆ ఫారం పూర్తి చేసిన తేదీకీ ఎంత సంబంధమో దీనికీ అంతే.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. మాతో పనిచేసిన ఒక మిత్రుడు యౌవనంలో మంచి ఆటగాడు. ఆయన పోయిన తరువాత కొడుకులు ట్రంకు పెట్టె తెరిస్తే చిన్న డబ్బాలో ఏడెనిమిది బ్యాడ్జీలు కనబడ్డాయి. ఏ ఆటవి, ఏ ఊళ్ళో ఇచ్చినవి, గెలిచినందుకా, వాలంటీరుగా పనిచేసినందుకా, చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు. వాళ్ళ అమ్మగారు మాత్రం, “అవి పెట్టుకున్న రోజున ఆయన భోజనం కూడా నిలబడే చేసేవారు, చొక్కా నలుగుతుందని,” అన్నారట. ఆ ఒక్క వాక్యమే మిగిలింది. సర్వీసు రిజిస్టరులో ఆయన సెలవులు, ఇంక్రిమెంట్లు అన్నీ భద్రంగా ఉన్నాయి. ఆయన సంతోషానికి మాత్రం రికార్డు లేకపోయింది.

అందుకని మిత్రులకు నా మనవి. మీ బీరువాలోనో, ట్రంకు పెట్టెలోనో ఆటల బ్యాడ్జీ ఏదైనా ఉంటే ఈ వారం బయటికి తీయండి. ఇత్తడి చెంబులా చింతపండు పెట్టి తోమవద్దు, రంగూ మీనా పోతాయి. పొడిబట్టతో తుడవండి చాలు. రేకు బ్యాడ్జీకి చెమ్మ శత్రువు, అంచు నుంచి తుప్పు పడుతుంది. సెల్యులాయిడ్‌కు వేడి శత్రువు. నూలుగుడ్డలో చుట్టి పొడి చోట ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం, ఒక చీటీ రాసి జతచేయండి: ఎవరిది, ఏ ఆట, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎందుకు ఇచ్చారు. నాలుగు పంక్తులు చాలు. ముప్ఫై ఏళ్ళు నోట్‌ఫైళ్ళు రాసిన చేతులు మనవి, ఇది పెద్ద పని కాదు. చీటీ లేని బిళ్ళను పాత ఇనప సామాన్లవాడు తూకానికి తీసుకుంటాడు. చీటీ ఉన్న బిళ్ళను మనవడు దాచుకుంటాడు.